పులిసిన పెండలం, మామయ్య రొట్టె

ఫిబ్రవరి 9

మామయ్యకి ఇక జన్మలో గోధుమ తగలకూడదట. డాక్టరమ్మ రిపోర్టు మీద వేలు పెట్టి రెండుసార్లు చెప్పింది. పేగు లోపలి పొర పాడైందనీ, తిన్నది ఒంటికి పట్టకపోవడం, ఆరు నెలల్లో పధ్నాలుగు కిలోలు తగ్గిపోవడం అందుకేననీ. గోధుమలోని జిగురే ఆయనకి విషమట. ఇంటి కింది బేకరీలో గాలికి లేచే పిండి కూడా పనికిరాదు, కాబట్టి కిందికి దిగొద్దంది.

మామయ్య నవ్వారు. "డాక్టరమ్మా, నలభై ఒక్క ఏళ్లుగా రొట్టెలు కాలుస్తున్నా. పొద్దున్నే మొదటి వాయిలోంచి ఒకటి తినకుండా పనిలోకి దిగలేదు. ఇప్పుడు చేపని పట్టుకుని నీళ్లు పడవంటే ఎలా?"

"వేరే పిండితో చేసుకోండి."

"ఏ పిండితో?"

"అది మీకే బాగా తెలియాలి కదండీ."

మామయ్యకి తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బేకరీ బోర్డులన్నీ చూస్తూ వచ్చారు. నేను నా చేతిమడతలోని తెల్లటి పిండి దులుపుకోబోయి ఆగిపోయాను. పదకొండేళ్లుగా కర్రపెండలం ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలో పని నాది. మా స్టార్చ్ అట్టపెట్టెల బంకలోకి వెళ్తుంది, మిల్లులో దారాలకి గంజిగా వెళ్తుంది, మందుబిళ్లలు చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి వెళ్తుంది. అందులో గోధుమ జిగురు రవ్వంత కూడా లేదు. ఇంటి కింద మామయ్యా మా ఆయనా నడిపే బేకరీ, నా చేతి మీద పెండలం. ఇన్నేళ్లలో ఈ రెండూ కలిపి చూడాలని నాకెందుకు తోచలేదో.

బస్సులోనే నవ్వొచ్చేసింది. మామయ్య అనుమానంగా చూశారు.

ఫిబ్రవరి 10

ఒక సంచీ పిండి, ఒక సంచీ స్టార్చ్ తెచ్చాను. పిండి అంటే చెక్కు తీసిన దుంప మొత్తాన్ని ఎండబెట్టి ఆడించింది. స్టార్చ్ అంటే దుంప తురిమి, కడిగి, నీళ్ల అడుగున పేరుకున్న తెలుపు మాత్రం తీసింది. సరిగా కడక్కపోతే చేదు దుంపలో విషం ఉండిపోతుంది. ఈ లాటుకి ఆ పరీక్ష నేనే చేశాను కాబట్టి బెంగలేదు. ఎవరికీ చెప్పను. చెప్తే మా ఆయన నవ్వుతాడు.

ఫిబ్రవరి 12

రొట్టె రాలేదు. ఇటుక వచ్చింది.

రెండింటికి షిఫ్టు దిగి బేకరీలోకి వెళ్లాను. ఆ వేళకి భట్టీ ఖాళీగా ఉంటుంది. చెక్కతొట్టి శుభ్రంగా కడిగి, తుడిచి, అందులోనే కలిపాను. కాల్చింది పైకి తీసుకెళ్లి మామయ్య ముందు పెడితే, ఆయన దాన్ని బల్ల మీద రెండుసార్లు కొట్టి చప్పుడు విన్నారు.

"అమ్మాయ్, ఏమిటిది?"

"మీకే మామయ్యా. పెండలం పిండితో చేశాను."

"మీ ఫ్యాక్టరీదా? అట్టపెట్టెలు అంటించేదా?"

"అది వేరే రకం. ఇది తినేది."

"అలాగా. తిన్నాక పేగులు ఒకదానికొకటి అంటుకుపోతే డాక్టరమ్మకి పని తగ్గుతుందిలే."

మా ఆయన పడీపడీ నవ్వాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆ రొట్టెని అడ్డం పెట్టారు. నాకేం బాధ కలగలేదు.

ఫిబ్రవరి 15

ఇంకో ఇటుక. కాస్త చిన్నది. నాకేం బాధ కలగలేదు.

ఫిబ్రవరి 19

నా బుర్రకి ఇన్ని రోజులు పట్టింది. రోజూ పరీక్ష గదిలో స్టార్చ్ ఉడికించి చిక్కదనం కొలిచేది నేనే, ఇంట్లో మాత్రం చన్నీళ్లతో కలుపుతున్నాను. గోధుమకి సాగే గుణం పుట్టుకతోనే ఉంది. మా పిండికి ఆ గుణం వేడినీళ్లు పోస్తేనే వస్తుంది.

ఇవాళ సగం స్టార్చ్ మీద మరుగుతున్న నీళ్లు పోశాను. అద్దంలా అయిపోయింది. వేలితో లాగితే మూరెడు సాగింది. మిగతా పిండీ, గుడ్లూ, ఈస్టూ వేసి కాల్చాను. రెండువేళ్ల ఎత్తు లేచింది. లోపల మాత్రం తడి.

మామయ్య మధ్యలో గిల్లి ఉండ చేసి చూశారు. "బంకే" అన్నారు. నేను పళ్లెం తీసుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నారు: "పిండిది తప్పు కాదు. నీళ్లెక్కువ. దించడానికి నీకు తొందరెక్కువ."

కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. నాతో అన్నట్టు కాదు. అయినా రాసి పెట్టుకున్నాను.

మార్చి 2

తొమ్మిదోది. తినొచ్చు. మామయ్య ఒక ముక్క మర్యాదగా నమిలి, మర్యాదగా మింగారు. ఆ మర్యాదే నాకు నచ్చలేదు. యాభై ఒక్క కిలోలు ఉన్నారు. గుడ్లూ కూరగాయలూ పెడితే తింటారు గానీ, బస్సు కోసం ఎదురుచూసేవాడు ఏదో ఒకటి నమిలినట్టు తింటారు.

మార్చి 6

ఇవాళ ఒకటి చూశాను. మొదట్నుంచీ రాస్తాను.

నాలుగో ట్యాంకు పంపు చెడిపోయి మూడు వారాలుగా స్టార్చ్ నీళ్ల అడుగునే ఉండిపోయింది. పులిసిపోయింది. పెద్ద కెమిస్ట్ మేడం వాసన చూసి "బంకకి పంపేయండి" అంది. డ్రయ్యర్‌లో సగమే పట్టింది. మిగతా సగం పెరట్లో టార్పాలిన్లు పరిచి ఎండలో ఆరబోశారు. ఆ రెండింటి శాంపిళ్లూ నా బల్ల మీదికి వచ్చాయి.

జిగట ఎలా ఉందో చూద్దామని వేడినీళ్లతో ఒక్కో ఉండ చేసి ఓవెన్‌లో పెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డ్రయ్యర్ పిండి ఉండ గోలీలా అలాగే ఉంది. ఎండలో ఆరిన పిండి ఉండ నిమ్మకాయంత అయింది. విరిస్తే లోపల సాలెగూడులా ఖాళీ. ఈస్టు లేదు, గుడ్డు లేదు. పిండీ నీళ్లూ అంతే.

పొరపాటేమో అనుకుని మళ్లీ చేశాను. మళ్లీ. నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఎండ పిండే పొంగింది.

"ఏమిటమ్మా, ఓవెన్ ముందు గొంతుకూర్చున్నావ్?" అంటూ మేడం వచ్చింది. చూపించాను. ఆవిడ ఒకటి విరిచి, లైటుకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. పులిసిందంటే బంక అనే అనుకున్నాను. పులవడం ఒక్కటే చాలదన్నమాట, ఎండ కూడా తగలాలి" అంది. తర్వాత గొంతు మార్చి, "ఆ లాటు మాత్రం నోట్లో పెట్టుకోకు. ఆ ట్యాంకులో ఏమేం పెరిగాయో తెలీదు. ఇంట్లో శుభ్రంగా మొదలుపెట్టు" అంది.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను. కూర్చోలేకపోయాను.

మార్చి 7

కొత్త స్టీలు డబ్బా, కాచి చల్లార్చిన నీళ్లు, మంచి స్టార్చ్. పైన గుడ్డ కట్టి డాబా మీద నీడలో పెట్టాను. మూడు వారాలు.

మార్చి 8

ఏమీ లేదు.

మార్చి 9

ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. మూడుసార్లు.

మార్చి 14

బుడగలు. "డాబా మీద ఎవరి సాక్సులు నానబెట్టావ్?" అని మా ఆయన.

మార్చి 17

షిఫ్టు నుంచి వచ్చి డాబా ఎక్కితే మామయ్య అక్కడున్నారు. డబ్బా మీద గుడ్డ ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూస్తున్నారు. నన్ను చూసి గుడ్డ మళ్లీ జాగ్రత్తగా కట్టారు.

"మొన్న పుల్లపెరుగు వాసన. ఇవాళ పచ్చి ఆపిల్. ఇంకా పండాలి."

"రోజూ చూస్తున్నారా?"

"డాక్టరమ్మ నడవమంది కదా. మెట్లెక్కితే నడకే."

ఇరవై రెండు మెట్లు. పోయిన నెల వీధి గుమ్మం ఎక్కడానికి నా భుజం పట్టుకున్న మనిషి. వంటింట్లోకి వెళ్లి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

మార్చి 28

నీళ్లు ఒంపేసి ముద్దని పలచగా చిదిపి ఎండలో పోశాం. "పోశాం" అని రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ పోసింది మామయ్యే. పొద్దుటి నుంచీ గొడుగేసుకుని కర్రతో కాపలా. పావురాలతో ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

ఏప్రిల్ 1

లేచింది.

భట్టీ మూత తీసేసరికి గుండ్రంగా, ఎర్రగా, పైన పగిలి ఉంది. పైకి మెట్లన్నీ పరిగెత్తాను. మామయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. వేడి రొట్టె చల్లారేటప్పుడు పైపెంకు చిటపటలాడుతుంది, ఆయన రొట్టెని ముందు చెవితోనే చూస్తారు. విన్నారు. కోశారు. తిన్నారు.

"ఉప్పు తక్కువ" అన్నారు.

రెండో ముక్క తీసుకున్నారు. మూడోది తీసుకున్నారు. మా ఆయన కొట్టు వదిలేసి పైకొచ్చి, తండ్రి నమలడం చూస్తూ గుమ్మంలోనే ఉండిపోయాడు. కింద ఎవరో "రొట్టెలండీ" అని కేకేస్తున్నా కదల్లేదు.

ఏప్రిల్ 9

రోజూ చేస్తున్నాను. రోజూ తింటున్నారు. యాభై రెండు కిలోలు. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా చెప్పాను. పాపం, అతను అడగలేదు.

ఏప్రిల్ 19

నిన్నటి నుంచి మామయ్యకి కడుపునొప్పి, వాంతులు. పాత తీరే. ఎక్కడో గోధుమ కడుపులోకి వెళ్తోందంది డాక్టరమ్మ. నా రొట్టెలో గోధుమ లేదు. మొన్న ఆయన కింద బేకరీ గుమ్మం దగ్గర నిలబడి ఉండగా నేనే చూశాను.

ఏప్రిల్ 20

అడిగేశాను.

"మామయ్యా, నిజం చెప్పండి. కింద గోధుమ రొట్టె తింటున్నారు కదా?"

"లేదమ్మాయ్."

"మరి గుమ్మం దగ్గర ఏం చేస్తున్నారు?"

"భట్టీ చూసుకుంటున్నా."

"ఇంత కష్టపడి చేసి పెడుతుంటే దొంగతనంగా తినడం ఏం బాగుంది?"

ఆయన పళ్లెం పక్కకి జరిపి లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. రెండోసారి "లేదు" అనలేదు. అనలేదంటే అర్థం ఏమిటి.

మా ఆయన అన్నాడు, "నాన్న అబద్ధమాడితే చెవులెర్రబడతాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఇవాళ ఎర్రబడలేదు."

"నేను చూసింది నాకు తెలుసు" అన్నాను.

ఏప్రిల్ 22

రొట్టె చేశాను. తినలేదు.

ఏప్రిల్ 23

చేశాను. తినలేదు. ఆయన మేలు కోరే అన్నాను. కోడలిగా ఆ మాత్రం అనకూడదా.

ఏప్రిల్ 25

ఫ్యాక్టరీలో అంతా బాగుంది. నేను బాగానే ఉన్నాను. నొప్పి తగ్గిందట, నా రొట్టె మానేశాక. అంటే కింద తినడం కూడా మానేసి ఉంటారు. అంతే అయి ఉంటుంది.

యాభై కిలోలు.

ఏప్రిల్ 29

మందుల కంపెనీకి పంపిన లాటు వెనక్కొచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే మా స్టార్చ్ మధ్య మూలలు తేలిన వేరే రేణువులు ఉన్నాయి. మొక్కజొన్నవి. పక్క గోదాములో వాడిన చెక్కపార తెచ్చి మన సంచుల్లో పెట్టారట.

"కడిగే వాడాం మేడం" అన్నాడు గోదాము మనిషి.

"చెక్కని ఎంత కడిగినా లాభం లేదయ్యా. దాని సందుల్లోకి వెళ్లింది బయటికి రాదు" అంది మేడం.

నేను చేతిలో గాజుపలక పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత మేడం ఏం మాట్లాడిందో నాకు వినిపించలేదు.

ఇంటికొచ్చి, బేకరీలో ఎవరూ లేనప్పుడు, చెక్కతొట్టిని ఎప్పటిలాగే కడిగాను, తుడిచాను, ఆరనిచ్చాను. తర్వాత చాకు మొనతో సందులు గీకాను. చిటికెడు వచ్చింది. కాగితంలో పొట్లం కట్టాను. నా పిండి ముద్ద కూడా అందులో ఒకసారి కలిపి, కొంచెం సీసాలో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 30

పెండలం రేణువులు చిన్నవి, గుండ్రంగా ఉండి ఒక పక్క కోసేసినట్టుంటాయి. గోధుమవి పెద్దవి, పప్పుబద్దల్లా బల్లపరుపుగా ఉంటాయి. పొట్లంలో ఉన్నవన్నీ పెద్దవే. సీసాలో నా పిండి మధ్య, ఎక్కడ చూసినా, పెద్దవి.

మామయ్య కింద ఒక్క ముక్క తినలేదు. నేనే తినిపించాను. నా చేత్తో, రోజూ, ఇంకో ముక్క తినండి అని బతిమాలి.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను. మామయ్య కుర్చీలో కూర్చుని విన్నారు. తొట్టి సంగతీ, చాకూ, పొట్లం, అన్నీ.

"ఆ అద్దంలో గోధుమ కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది మామయ్యా."

"ఎలా ఉంటుంది?"

ఈ డైరీ వెనక పేజీలోనే బొమ్మ గీసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "నలభై ఒక్క ఏళ్లు చేతుల్తో కలిపా. దీని మొహం ఒక్కసారీ చూళ్లేదు" అన్నారు.

"తప్పు నాది మామయ్యా. మిమ్మల్ని దొంగని చేశాను."

"చేశావు." కళ్లజోడు తీసి అన్నారు, "కడుపునొప్పి ఓర్చుకున్నా గానీ, ఆ మాట ఓర్చుకోలేకపోయా."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. ఏడవనిచ్చి, అయ్యాక అడిగారు, "ఆ పులిసిన పిండి ఇంకా ఎంతుంది?"

మే 2

మా ఆయన తనంతట తనే అన్నాడు, "నాన్నా, కింద గోధుమ మానేద్దాం."

"నా ఒక్క కడుపు కోసం వీధంతటికీ రొట్టె మాన్పిస్తావా? కింద నీది నువ్వు కాల్చు. పెరట్లో ఆ ఖాళీ గది నాకివ్వు."

కొత్త భట్టీ కడతారట. ఈ వయసులో, ఈ ఒంటితో. వద్దని చెప్పాలి. ఎవరు చెప్తారు? నేను మాత్రం చెప్పను. రేపే ఇటుకల ధర కనుక్కొస్తాను.

మే 16

మేస్త్రి ఒక వరస పెడితే మామయ్య ఇంకో వరస పెడుతున్నారు. వంపు సరిగా రాలేదని నిన్నటి మూడు వరసలు ఇవాళ విప్పించారు. మేస్త్రి నాతో చాటుగా అన్నాడు, "పెద్దాయన మనిషి పుల్లలా ఉన్నాడు గానీ నోరు మాత్రం సుత్తే."

మే 30

గదిలోకి ఎవరు రావాలన్నా బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని రావాలని నియమం. గిన్నెలన్నీ స్టీలువి, కొత్తవి. మా ఆయన కొట్టు బట్టలతో వస్తుంటే మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. "అక్కడే ఆగు. నువ్వు గోధుమవి."

జూన్ 14

కొత్త భట్టీలో మొదటి నిప్పు.

నాలుగు నెలల తర్వాత మామయ్య పిండిలో చేతులు పెట్టారు. అది లొంగలేదు. వేళ్లకంతా పట్టేసుకుని మోచేతుల దాకా పాకింది. గోధుమని గుద్దే అలవాటు ఆయనది. పెండలాన్ని గుద్దకూడదు, తడి చేత్తో మడవాలి. చూపించాను. మళ్లీ చూపించాను. "మళ్లీ" అన్నారు. అరవై ఆరేళ్ల మనిషి పనిలో కొత్తగా చేరినవాడిలా నా చేతులకేసి చూస్తుంటే, సిగ్గుతో నాకే ఒక మడత తప్పింది.

ఒక ముద్ద నేరుగా నా పరీక్ష గదికి వెళ్లింది. పెద్ద రేణువు ఒక్కటీ లేదు. నలభై సార్లు పలక జరిపి చూశాను. అప్పుడే తినమన్నాను.

జూలై

రాయడానికి తీరిక లేదు. వారం వారం ముద్ద పరీక్ష చేస్తున్నాను. నొప్పి లేదు. మేడం ఎండలో ఆరబెట్టిన పుల్లపిండిని తినే రకంగా విడిగా, శుభ్రమైన ట్యాంకులో చెయ్యడానికి అనుమతి తెచ్చింది. దానికి పరీక్షలు రాసిపెట్టే పని నాది.

అక్టోబరు 8

రక్తపరీక్ష, జబ్బు ఎంత ఉందో చెప్పేది. రెండు వందలకి పైన ఉన్న అంకె ముప్ఫై ఒకటికి దిగింది. యాభై ఎనిమిది కిలోలు. డాక్టరమ్మ రిపోర్టు మూసి, "ఈ జబ్బున్నవాళ్లు నా దగ్గర ఇంకా పదకొండుమంది ఉన్నారు. పంపమంటారా?" అంది.

మామయ్య "రోజుకెన్ని కాల్చగలమో మా కోడల్ని అడగాలి" అన్నారు. మా కోడలు పక్కనే ఉంది. ఆవిడకి ఏమీ కనబడలేదు, కళ్లనిండా నీళ్లు.

నవంబరు 3

డాక్టరమ్మ పంపిన మొదటి మనిషి వచ్చింది. బస్సు కండక్టరు. భుజాన టికెట్ల సంచీ, చేతిలో సొంత తిండి డబ్బా. ఎక్కడ ఏం తగులుతుందోనని ఆ డబ్బా లేకుండా గడప దాటదట.

"రొట్టె తిని ఆరేళ్లయిందండీ" అంది.

మామయ్య అప్పుడే దించిన దాంట్లోంచి ఒక ముక్క కోసి పళ్లెంలో పెట్టారు. ఆవిడ వాసన చూసింది. నోటి దాకా తీసుకెళ్లింది. మళ్లీ దించేసింది.

"ఏమనుకోకండి. ఇదివరకు రెండు చోట్ల ఏం కాదన్నారు. రెండుసార్లూ వారం రోజులు మంచం పట్టాను. మీ మాట నమ్మొచ్చా?"

"నా మాటెందుకండీ" అన్నారు మామయ్య. కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, నా వైపు చూపించారు. "మా కోడల్ని అడగండి. తను తినమంటేనే నేనూ తింటా."

ఆవిడ నా వైపు తిరిగింది. పొద్దున నేను చూసిన పలకలు గుర్తు తెచ్చుకున్నాను. ఒకటి, రెండు, నలభై. రేణువులన్నీ చిన్నవే, ఒక పక్క కోసేసినట్టున్నవే.

"తినండి" అన్నాను.